తెల్లకణాల నిష్పత్తి తీర్పు కాదు

పదిహేనేళ్లుగా క్యాన్సర్ వైద్యపత్రికల్లో మెదులుతున్న ఒక మాట ఇప్పుడు ఆసుపత్రి ఓపీ గదుల్లోకి, దినపత్రికల ఆరోగ్య పేజీల్లోకి వచ్చి స్థిరపడింది. క్యాన్సర్ రోగి ఎన్నాళ్లు బతుకుతాడో చెప్పడానికి మామూలు రక్తపరీక్ష ఒక్కటి చాలునట. మన జిల్లాల్లో సీబీపీ అంటాం, కోల్‌కతాలో సీబీసీ అంటారు. ఏ వీధిచివరి ల్యాబులోనైనా కొద్ది వందల రూపాయలకు చేసే పరీక్ష అది. తెల్లకణాల్లో న్యూట్రోఫిల్స్, లింఫోసైట్లు రెండు రకాలు. అందులోని న్యూట్రోఫిల్స్ సంఖ్యను లింఫోసైట్ల సంఖ్యతో భాగిస్తే వచ్చే అంకె పేరు ఎన్‌ఎల్‌ఆర్. ప్లేట్‌లెట్లను లింఫోసైట్లతో భాగిస్తే పీఎల్‌ఆర్. అంకె పెద్దదైతే ఆయుష్షు తక్కువ, చిన్నదైతే ఎక్కువ. అదనపు ఖర్చు లేదు, కొత్త యంత్రం కొనక్కర్లేదు, కాబట్టి మనలాంటి పేద దేశానికి ఇది వరం. ఇదీ వాదన. ఈ విషయం మీద వచ్చే పరిశోధన పత్రాల్లో చాలావాటి చివరి పేరా ఇదే పాట పాడుతుంది: సులువు, చవక, ఎక్కడైనా దొరుకుతుంది.

ఈ వాదన తప్పు. రక్తకణాల లెక్కకూ క్యాన్సర్ గతికీ సంబంధం ఉన్న మాట నిజమే. ఆ సంబంధాన్ని పట్టుకుని ఎదురుగా కూర్చున్న ఒక మనిషి మీద తీర్పు చెప్పడం తప్పు. పేదల మేలు కోసమే చెబుతున్నామనడం మరీ తప్పు.

కోల్‌కతాను దృష్టిలో పెట్టుకుని ఈ మాట చెబుతున్నాను. తూర్పు భారతంలో క్యాన్సర్ అన్న మాట వినగానే ఎందరో రైలెక్కి చేరే ఊరు అది. హాజ్రా దగ్గర చిత్తరంజన్ ఆసుపత్రి ఉంది. 1950 జనవరి 2న ఐరీన్ జోలియో క్యూరీ ప్రారంభించిన ఆ సంస్థే నేటి చిత్తరంజన్ జాతీయ క్యాన్సర్ సంస్థ. 1973లో మొదలైన ఠాకూర్‌పుకూర్ ఆసుపత్రి ఉంది. 2011లో రాజర్‌హాట్‌లో తలుపులు తెరిచిన టాటా మెడికల్ సెంటర్ ఉంది. చిత్తరంజన్ సంస్థ రెండో ప్రాంగణం 2022లో న్యూటౌన్‌లో వచ్చింది. వీటి ముందు వరండాల్లో సుందర్‌బన్స్ పల్లెల వాళ్లు, ముర్షిదాబాద్ వాళ్లు, జార్ఖండ్, బిహార్, త్రిపుర వాళ్లు, సరిహద్దు దాటి వచ్చిన బంగ్లాదేశీయులు కనిపిస్తారు. పక్కనే ఖరగ్‌పూర్‌లో తరాలుగా స్థిరపడ్డ మన రైల్వే కుటుంబాలూ ఉన్నాయి. ఇదే ఊళ్లో, బారానగర్‌లో, భారత గణాంక సంస్థ ఉంది. అంకెను ఎంతవరకు నమ్మాలో, ఎక్కడ ఆగాలో ప్రపంచానికి నేర్పిన చోటు అది. ఆసుపత్రుల్లో వాడే అంకెకు ఆ సంస్థ నేర్పిన క్రమశిక్షణ అందకపోవడమే నా బాధ.

ముందు ఎదుటివాళ్ల పక్షాన ఉన్న బలమైన సాక్ష్యం చూద్దాం. 2001లో బ్రాటిస్లావా వైద్యుడు జహోరెట్స్, తీవ్ర అనారోగ్యంతో ఐసీయూలో ఉన్నవాళ్లలో ఈ నిష్పత్తి శరీరం పడుతున్న ఒత్తిడికి సూచిక అని రాశాడు. అక్కడినుంచి అది క్యాన్సర్‌లోకి వచ్చింది. 2014లో టెంపుల్టన్ బృందం 100 అధ్యయనాలను, వాటిలోని 40,559 మంది రోగులను కలిపి లెక్క కట్టింది. ఎన్‌ఎల్‌ఆర్ హద్దు దాటినవాళ్లలో మరణాల వేగం దాటనివాళ్లకంటే 1.81 రెట్లు ఉందని తేలింది. దీనికి జీవశాస్త్ర కారణమూ ఉంది. కణితి చుట్టూ వాపు ఉంటుందని, అందులో తెల్లకణాలు చేరతాయని పందొమ్మిదో శతాబ్దంలోనే జర్మన్ వైద్యుడు విర్ఖోవ్ గమనించాడు. న్యూట్రోఫిల్స్ కొన్ని పరిస్థితుల్లో కణితికి కొత్త రక్తనాళాలు పెరగడానికి తోడ్పడతాయి. లింఫోసైట్లు కణితి మీద పోరాడే సేనలో భాగం. కాబట్టి మొదటివి పెరిగి రెండోవి తగ్గితే మంచిది కాదన్నది నమ్మదగిన మాటే. ఇంతవరకు నాకు పేచీ లేదు.

పేచీ ఆ 1.81 దగ్గర మొదలవుతుంది. దాన్ని మామూలు లెక్కలోకి దించి చూద్దాం. ఏదో ఒక క్యాన్సర్‌లో నిష్పత్తి తక్కువ ఉన్న నూరుమందిలో ఏడాది తర్వాత 60 మంది బతికి ఉన్నారనుకోండి. మరణ వేగం 1.81 రెట్లయితే, నిష్పత్తి ఎక్కువ ఉన్న నూరుమందిలో ఏడాదికి సుమారు 40 మంది బతికి ఉంటారు. గుంపుల మధ్య అది చిన్న తేడా కాదు. కానీ ఇదే లెక్కను రోగి వైపు నుంచి చూడండి. ‘చెడు అంకె’ వచ్చిన నూరుమందిలో 40 మంది బతికే ఉన్నారు. ‘మంచి అంకె’ వచ్చిన నూరుమందిలో 40 మంది పోయారు. మీ నాన్నగారు ఆ చెడు అంకె గుంపులో ఉంటే, ఆయన ఆ నలభైలో ఒకరో, మిగతా అరవైలో ఒకరో ఆ అంకె చెప్పలేదు. గుంపు గురించిన వాక్యాన్ని మనిషి గురించిన వాక్యంగా మార్చడానికి ఈ మాత్రం తేడా చాలదు. రోగితో మాట్లాడే వైద్యుడి ముందు ఉండేది మాత్రం ఎప్పుడూ ఒక్క మనిషే.

ఆ ‘హద్దు’ ఎక్కడిది? టెంపుల్టన్ కలిపిన అధ్యయనాల్లో హద్దు ఒక్కటి కాదు. ఒకరు 2 దగ్గర గీత గీశారు, ఇంకొకరు 5 దగ్గర, మరొకరు 7 దాకా వెళ్లారు. మధ్యస్థ విలువ 4. ఇంత తేడా ఎందుకంటే, చాలామంది ముందుగా హద్దు ప్రకటించి పని మొదలుపెట్టలేదు. రోగుల వివరాలన్నీ చేతిలోకి వచ్చాక, ఏ గీత దగ్గర రెండు గుంపుల తేడా బాగా కనిపిస్తుందో వెతికి, దాన్నే హద్దు అన్నారు. జవాబు పత్రాలన్నీ దిద్దేశాక, తమకు కావలసినవాళ్లు గట్టెక్కేలా పాస్ మార్కులు నిర్ణయించడం లాంటిదే ఇది. దీని ప్రమాదం ఎంతో 1994లోనే గణాంకవేత్త డగ్లస్ ఆల్ట్‌మన్, ఆయన సహచరులు లెక్కగట్టి చూపించారు. అసలు ఏ సంబంధమూ లేని చోట నూటికి ఐదుసార్లు మాత్రమే రావాల్సిన తప్పుడు ‘సంబంధం’, ఇలా గీత వెతుక్కుంటే నూటికి నలభైసార్ల దాకా పుట్టుకొస్తుంది. ఈ హెచ్చరిక వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. గీతలు వెతకడం మాత్రం ఆగలేదు.

దీనికి తోడు అచ్చు పక్షపాతం. 2007లో కిజాస్, ఇయోనిడిస్ తదితరులు క్యాన్సర్ జోస్యపు సూచికల మీద 2005లో వచ్చిన 1,575 పత్రాలను పరిశీలించారు. నూటికి తొంభై అయిదుకు పైగా పత్రాలు తమ సూచిక పనిచేసిందనే రాశాయి. ప్రకృతిలో ఏ రంగమూ ఇంత విధేయంగా ఉండదు. పనిచేయని సూచికల కథలు సొరుగుల్లో ఉండిపోయాయి, పనిచేసినట్టు కనిపించినవి అచ్చయ్యాయి. ఎన్‌ఎల్‌ఆర్ పత్రాలు ఈ రోగానికి మరింత సులువుగా లొంగుతాయి. వాటికి కొత్తగా ఏ పరీక్షా చేయక్కర్లేదు, రోగిని మళ్లీ పిలవక్కర్లేదు. పాత కేస్ షీట్లు తిరగేసి, రెండు అంకెలు భాగిస్తే పత్రం తయారు. పీజీ విద్యార్థి థీసిస్‌కు, ఉద్యోగోన్నతికి కావలసిన ప్రచురణకు ఇంతకంటే తేలిక దారి లేదు. ఆ యువ వైద్యులను నేను నిందించను. వాళ్లను ఆ దారి పట్టించే వ్యవస్థ గురించే నా ఫిర్యాదు.

ఇక్కడ ఒక తెలుగువాడి పేరు చెప్పాలి. కల్యంపూడి రాధాకృష్ణ రావు గారు, సి.ఆర్. రావుగా ప్రపంచానికి తెలిసినవారు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా చేరి, 1941లో మహలనోబిస్ నడుపుతున్న గణాంక సంస్థలో అడుగుపెట్టారు. 1945లో కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో ఆయన ఒక పత్రం అచ్చు వేశారు. అప్పటికి ఆయనకు పాతికేళ్లు. చేతిలో ఉన్న దత్తాంశం నుంచి ఒక విలువను అంచనా వేసేటప్పుడు కచ్చితత్వానికి ఒక హద్దు ఉంటుందని, ఆ దత్తాంశంలో ఉన్న సమాచారమే ఆ హద్దును నిర్ణయిస్తుందని అందులో నిరూపించారు. అదే క్రామర్–రావు హద్దు. దాదాపు ఎనభై ఏళ్ల తర్వాత, 2023లో, ఆయనకు వచ్చిన అంతర్జాతీయ గణాంక బహుమతికి మూలమూ ఆ పత్రమే. ఆ సిద్ధాంతం క్యాన్సర్ గురించి కాదు, నిజమే. కానీ అది నేర్పే వినయం అన్ని అంచనాలకూ వర్తిస్తుంది. ఒక ఉదయం తీసిన రెండు మిల్లీలీటర్ల రక్తంలో ఉన్న సమాచారం ఎంతో, మనం చేయగల అంచనా అంతే. మిగతా ధీమా ఆ రక్తంలో లేదు, దాన్ని మనమే తెచ్చి కలుపుతున్నాం.

మహలనోబిస్ ఇంకొకటి నేర్పారు. 1930ల చివర బెంగాల్‌లో జనపనార సాగు విస్తీర్ణం అంచనా వేయడానికి సర్వేలు నడిపినప్పుడు, ఒకే ప్రాంతాన్ని రెండు బృందాలు ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా కొలిచే పద్ధతి తెచ్చారు. రెండు లెక్కలూ దగ్గరగా వస్తే నమ్మకం, దూరంగా వస్తే ఎక్కడో తేడా ఉందని హెచ్చరిక. జనపనార ఎకరాలు లెక్కించడానికే ఆ జాగ్రత్త అవసరమైంది. మనిషి ఆయుష్షు లెక్కించేవాళ్లు ఒక ఆసుపత్రిలో కనిపెట్టిన హద్దును మరో ఆసుపత్రి రోగుల మీద పరీక్షించకుండానే లోకానికి ప్రకటిస్తున్నారు. హాజ్రాలో గీసిన గీత ఠాకూర్‌పుకూర్‌లో నిలుస్తుందో లేదో చూడకుండా, షాంఘైలో గీసిన గీతను మాల్దా రైతు మీద వేస్తున్నారు.

ఆ మాల్దా రైతు రక్తంలోకి వెళ్దాం. గణాంకాల తప్పుకంటే పెద్ద తప్పు అక్కడ ఉంది.

తెల్లకణాల సంఖ్య రాతి మీద చెక్కినది కాదు. గంటల్లో మారుతుంది. కీమో ఇచ్చే ముందు వాంతులు కాకుండా డెక్సామెథాసోన్ ఇస్తారు. మెదడుకు పాకిన క్యాన్సర్‌లో వాపు తగ్గడానికీ అదే ఇస్తారు. ఆ స్టెరాయిడ్ పడగానే రక్తనాళాల గోడలకు అంటుకుని ఉన్న న్యూట్రోఫిల్స్ ప్రవాహంలోకి వచ్చేస్తాయి, లింఫోసైట్లు తగ్గిపోతాయి. నిష్పత్తి ఒక్కసారిగా ఎగుస్తుంది. క్యాన్సర్ వెంట్రుకవాసి కూడా మారలేదు, మారింది మందు. పెద్దాసుపత్రికి రాకముందే ఊరి వైద్యుడు ‘నీరసానికి’ స్టెరాయిడ్ ఇచ్చిన రోగులు మన దేశంలో తక్కువా? ఏం మందులు వాడారో చెప్పమంటే చిరిగిన చీటీ ఒకటి చూపిస్తారు, అదీ లేకపోతే ‘తెల్ల మాత్రలు’ అంటారు. కేస్ షీట్లు తిరగేసి రాసే పత్రంలో ఈ తెల్ల మాత్రల ఊసు ఎక్కడుంటుంది?

కోల్‌కతా వర్షాకాలం తీసుకోండి. డెంగీ వచ్చిన మనిషికి తెల్లకణాలు పడిపోతాయి, అందులోనూ న్యూట్రోఫిల్స్ తగ్గి లింఫోసైట్ల వాటా పెరుగుతుంది, ప్లేట్‌లెట్లు కూలిపోతాయి. క్యాన్సర్ రోగికి డెంగీ వస్తే ఎన్‌ఎల్‌ఆర్, పీఎల్‌ఆర్ రెండూ తగ్గుతాయి. ఈ శాస్త్రం ప్రకారం ఆయన ఆయుష్షు పెరిగిందనాలి. ప్రాణం మీదకు వచ్చిన రోజునే అంకె బాగుందని చెప్పే సూచిక అది. టైఫాయిడ్‌లోనూ తెల్లకణాలు తగ్గి, లింఫోసైట్ల వాటా ఎక్కువగా కనిపించడం మామూలే. కాలా అజార్‌లో తెల్లకణాలు బాగా పడిపోతాయని ఈ నగర వైద్యులకు నూరేళ్ల కిందటే తెలుసు. ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి క్యాంప్‌బెల్ ఆసుపత్రిలో, ఇప్పటి నీల్‌రతన్ సర్కార్ వైద్యకళాశాలలో, చిన్న గదిలో పనిచేసి ఆ జబ్బుకు యూరియా స్టిబమైన్ మందు తయారుచేసిన ఊరు ఇది. ఆ తరం వైద్యులు రక్తాన్ని చూసింది రోగి ఎప్పుడు పోతాడో చెప్పడానికి కాదు, ఏ రోగమో పట్టుకుని నయం చేయడానికి.

గంగా మైదానంలో పిత్తాశయ క్యాన్సర్ ఎక్కువ. అందులో పైత్యవాహిక మూసుకుపోతే కామెర్లు వస్తాయి, ఆగిపోయిన పైత్యరసానికి ఇన్‌ఫెక్షన్ సోకితే చలిజ్వరం వస్తుంది. అప్పుడు న్యూట్రోఫిల్స్ విపరీతంగా పెరుగుతాయి. ఎన్‌ఎల్‌ఆర్ 10 దాటవచ్చు, 15 దాటవచ్చు. ఆ అంకె చూసి ‘జోస్యం బాగాలేదు’ అని రాసుకునే వైద్యుడు ఒకడు. వెంటనే యాంటీబయాటిక్ మొదలుపెట్టి, స్టెంట్ వేసి పైత్యరసానికి దారి చేసే వైద్యుడు ఒకడు. రెండో వైద్యుడి చేతిలో ఆ అంకె నాలుగు రోజుల్లో దిగుతుంది, రోగి కీమోకు సిద్ధమవుతాడు. ఖైనీ, గుట్కాల వల్ల వచ్చిన నోటి క్యాన్సర్‌లో పుండు కుళ్లి చీము పట్టి ఉంటుంది, పళ్లు పాడై ఉంటాయి, మింగలేక మనిషి ఎండిపోయి ఉంటాడు. అక్కడ పెరిగిన న్యూట్రోఫిల్స్ అడిగేది పుండు శుభ్రం చేయమని, తిండి ముక్కు గొట్టం ద్వారానైనా అందించమని. రక్తకణాల లెక్క ఈరోజు రోగికి ఏం జరుగుతోందో అడగమనే పిలుపు. దాన్ని రేపటి మరణవార్తగా చదివితే, ఈరోజు చేయగల పని చేయకుండా పోతుంది.

పైగా ఇది నిష్పత్తి. భాగహారం చేయగానే సగం సమాచారం పోతుంది. ఒకరికి న్యూట్రోఫిల్స్ 8,000, లింఫోసైట్లు 2,000. నిష్పత్తి 4. ఇంకొకరికి న్యూట్రోఫిల్స్ 2,000, లింఫోసైట్లు 500. నిష్పత్తి మళ్లీ 4. మొదటివారికి ఏదో ఇన్‌ఫెక్షన్ ఉండవచ్చు. రెండోవారి ఎముక మజ్జ దెబ్బతిని ఉండవచ్చు, రోగనిరోధక శక్తి అడుగంటి ఉండవచ్చు. ఈ ఇద్దరికీ ఒకే అంకె ఇచ్చి ఒకే గుంపులో వేసే సూత్రం వైద్యుడికి చూపు పెంచిందా, ఉన్న చూపు తగ్గించిందా? ఇంకో సంగతి. న్యూట్రోఫిల్స్ 6,000, లింఫోసైట్లు 1,500 ఉంటే నిష్పత్తి 4. మర్నాడు అవే 5,500, 1,700 అయితే నిష్పత్తి 3.2. ఈ మాత్రం తేడా ఆరోగ్యవంతుల్లో కూడా రోజు మారితే వస్తుంది. హద్దు 4 దగ్గర గీస్తే, సోమవారం చెడు గుంపులో ఉన్న మనిషి మంగళవారానికి మంచి గుంపులోకి వచ్చేశాడు. ఏ రోజు తీసిన రక్తం ఆయన ఆయుష్షు?

ఇంత చెప్పాక, రక్తకణాల లెక్క క్యాన్సర్‌లో ఎక్కడా పనికిరాదా అంటే, పనికొస్తుంది. ఎక్కడ, ఎలా పనికొస్తుందో చూస్తే నా వాదన ఇంకా స్పష్టమవుతుంది. పిల్లల్లో వచ్చే లింఫోబ్లాస్టిక్ లుకేమియాలో నిర్ధారణ నాటికి తెల్లకణాలు 50,000 దాటితే చికిత్స తీవ్రత పెంచుతారు. అక్కడ తెల్లకణాలే క్యాన్సర్, కాబట్టి వాటి సంఖ్య రోగభారానికి నేరుగా కొలత. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లే ప్రయోగశాలల్లో తయారుచేయించిన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ పిల్లలకు ఇచ్చినప్పుడు, మందు పనిచేస్తోందా లేదా అన్నది రక్తంలోనూ ఎముక మజ్జలోనూ చూసే తెలుసుకున్నారు. లెక్క అక్కడ చికిత్సకు చేతికర్ర అయింది.

పాకిన కిడ్నీ క్యాన్సర్‌లో 2009లో డేనియల్ హెంగ్ బృందం 645 మంది రోగులతో ఒక కొలమానం తయారుచేసింది. అందులో న్యూట్రోఫిల్స్, ప్లేట్‌లెట్లు, హిమోగ్లోబిన్ మూడూ ఉన్నాయి. వాటితోపాటు రక్తంలో కాల్షియం, రోగి తిరగగల శక్తి, నిర్ధారణ నుంచి చికిత్స దాకా గడిచిన కాలం కూడా ఉన్నాయి. తర్వాత వేరే రోగుల మీద, వేరే ఆసుపత్రుల్లో దాన్ని పరీక్షించి నిలబెట్టారు. ఈనాడు ఏ మందులు ఇవ్వాలో నిర్ణయించేటప్పుడు దాన్ని వాడుతున్నారు. కీమో తీసుకునేవారిలో రక్తం గడ్డకట్టే ముప్పు చెప్పే ఖొరానా స్కోరులోనూ ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు, హిమోగ్లోబిన్ ఉన్నాయి. ముప్పు ఎక్కువైతే గడ్డకట్టకుండా మందు ఇచ్చే ఆలోచన చేయవచ్చు. ఈ రెండింటిలోనూ కణాల సంఖ్య నలుగురిలో ఒకరిగా ఉంది, హద్దు అందరికీ ఒకటే, పరాయి ఆసుపత్రిలో పరీక్ష నెగ్గింది, చివరికి వైద్యుడు ఏం చేయాలో చెబుతుంది. ఎన్‌ఎల్‌ఆర్ జోస్యానికి ఈ నాలుగూ లేవు.

‘మీరు చెప్పేది పాత కాలం మాట, ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చింది’ అనేవాళ్లు ఉన్నారు. 2025లో న్యూయార్క్ పరిశోధకులు స్కార్పియో అనే నమూనా ప్రకటించారు. ఇమ్యూనోథెరపీ తీసుకున్న దాదాపు పదివేల మంది వివరాలతో, మామూలు రక్తపరీక్షల విలువలు, కొన్ని రోగ వివరాలు కలిపి తయారుచేశారు. ఖరీదైన జన్యుపరీక్ష ఒకదానికంటే బాగా పనిచేసిందన్నారు. మంచి పని, శ్రద్ధగా చేసిన పని. కానీ దాని గురి 0.76 దగ్గర ఉంది. అంటే ఇద్దరు రోగులను ముందు పెడితే, ఎవరు ముందు పోతారో నాలుగుసార్లలో మూడుసార్లు సరిగ్గా చెబుతుంది, నాలుగోసారి తప్పుతుంది. బొమ్మా బొరుసూ వేసినా రెండుసార్లు సరిగ్గా వస్తుంది. పరిశోధనకు అది పెద్ద అడుగే, ఒక తల్లి ముందు ఉచ్చరించదగ్గ వాక్యం మాత్రం ఇంకా కాదు. ఎవరు ఎక్కువకాలం బతుకుతారన్నది ఒక ప్రశ్న, ఎవరికి ఈ మందు పనిచేస్తుందన్నది వేరే ప్రశ్న. రొమ్ము క్యాన్సర్‌లో హెర్2 పరీక్ష రెండోదానికి జవాబు చెబుతుంది: ఉంటే ట్రాస్టుజుమాబ్, లేకపోతే వేరే దారి. తెల్లకణాల నిష్పత్తి మొదటిదానికే, అదీ మసకగా, జవాబు చెబుతుంది. ఏ మందు తీసుకున్నా, తీసుకోకపోయినా నీరసించినవాళ్ల అంకె చెడ్డగానే ఉంటుంది. ఈ రెండు ప్రశ్నలనూ కలిపేసి ‘అంకె చెడ్డగా ఉంది, మందు దండగ’ అనడం శాస్త్రం పేరుతో చేసే అన్యాయం.

ఆ అన్యాయం ఎవరి మీద పడుతుందో చెప్పుకోవాలి. మన ఆసుపత్రుల్లో డాక్టరు గారు రోగితో మాట్లాడరు, కొడుకుతోనో అల్లుడితోనో మాట్లాడతారు. కొడుకు అడిగేది ఒకటే: ‘ఎంతకాలం అండీ?’ ఆ ప్రశ్న వెనుక అరెకరం పొలం ఉంటుంది, చెల్లెలి పెళ్లికి దాచిన బంగారం ఉంటుంది. బెంగాల్‌లో స్వాస్థ్య సాథీ, మన దగ్గర ఆరోగ్యశ్రీ ఎంతో మందిని ఆదుకున్నాయి. అయినా రైలు టికెట్లు, ఆసుపత్రి ఎదుట అద్దెగది, పోయిన కూలి, బయట కొనాల్సిన మందులు ఇంటి మీదే పడతాయి. అలాంటి ఇంటికి ‘రక్తంలో జోస్యం బాగాలేదు’ అన్న ఒక్క మాట చాలు. మూడో కీమోకు రారు. ఊరికి తీసుకెళ్లిపోతారు. చికిత్స ఆగిన మనిషి ముందే పోతాడు. ఆ మరణం మళ్లీ కేస్ షీట్లో చేరి, ‘చూశారా, ఎన్‌ఎల్‌ఆర్ ఎక్కువున్నవాళ్లు త్వరగా పోయారు’ అన్న తర్వాతి పత్రానికి సాక్ష్యమవుతుంది. తన జోస్యాన్ని తానే నిజం చేసుకునే అంకె ఇది. డబ్బున్న ఇంట్లో ఈ మాట పడితే రెండో అభిప్రాయానికి ముంబయి వెళ్తారు. పేదింట్లో పడితే అదే ఆఖరి మాట.

చికిత్స మధ్యలో ఊరికి పోయి మళ్లీ రానివాళ్లు మన ఆసుపత్రుల్లో ఎందరో ఉంటారు. ఫోను మారిపోతుంది, చిరునామా అందదు. వాళ్లు బతికారో పోయారో తెలియదు. అలా కనపడకుండా పోయేది ఎక్కువగా దూరం వాళ్లు, పేదవాళ్లు, బాగా నీరసించినవాళ్లు. వాళ్లను లెక్కలోంచి తీసేసి మిగిలినవాళ్ల మీద గీసిన గీతను మళ్లీ ఆ పేదవాళ్ల మీదే వాడుతున్నాం.

చవక అన్న వాదనకు జవాబు చెప్పి తీరాలి. రోగి ఓపీలోకి తన కాళ్ల మీద నడిచి వచ్చాడా, మంచం మీద ఎన్ని గంటలు ఉంటున్నాడు, తన పని తాను చేసుకుంటున్నాడా అన్నది చూడడానికి ఒక్క రూపాయి ఖర్చు కాదు. ప్రపంచమంతా వాడే ఈకాగ్ స్కోరు అదే. ఆరు నెలల్లో ఎంత బరువు తగ్గాడో అడగడానికీ ఖర్చు లేదు. స్టేజి సరిగ్గా కట్టడం, బయాప్సీ పూర్తిగా చదవడం, రక్తంలో అల్బుమిన్ చూడడం: ఇవి చేశాక ఎన్‌ఎల్‌ఆర్ అదనంగా ఏం చెబుతుందన్నదే అసలు ప్రశ్న. చాలా పత్రాలు ఆ ప్రశ్న అడగనే అడగవు, అడిగినా సరిగ్గా లెక్కగట్టవు. ముదిరిన క్యాన్సర్‌లో, తిండి లేని ఒంట్లో, ఇన్‌ఫెక్షన్లో నిష్పత్తి పెరుగుతుంది. మనకు ముందే తెలిసిన దురదృష్టాన్నే అది మళ్లీ చెబుతోందేమో తేల్చకుండా, కొత్త నిజం దొరికిందనడం తొందరపాటు.

కరోనా రోజుల నుంచి ఈ నిష్పత్తి సామాన్యులకూ పరిచయమైంది. కొన్ని ల్యాబులు రిపోర్టులో దాన్ని ఒక వరుసగా అచ్చువేసి ఇస్తున్నాయి. క్యాన్సర్ రోగి ఇంటివాళ్లు ఆ వరుస చూసి ఇంటర్నెట్‌లో వెతుకుతున్నారు, రాత్రంతా నిద్రపోవడం లేదు. వాళ్లకు నేను చెప్పేది ఇది. ఆ అంకె ఎక్కువగా ఉంటే డాక్టరు గారిని ‘ఎంతకాలం’ అని అడగకండి. ‘ఎందుకు పెరిగింది, ఇన్‌ఫెక్షన్ ఉందా, స్టెరాయిడ్ వల్లనా, తిండి సరిపోతోందా, దీనికి ఈరోజు ఏం చేయగలం’ అని అడగండి. ఒక్క రక్తపరీక్ష చూసి చికిత్స మానకండి.

కోల్‌కతా వైద్యులకు, గణాంకవేత్తలకు ఒక విన్నపం. చిత్తరంజన్ సంస్థ, టాటా మెడికల్ సెంటర్, ఠాకూర్‌పుకూర్ ఆసుపత్రి, భారత గణాంక సంస్థ ఒకే నగరంలో ఉన్నాయి. ఇన్ని ఒక్కచోట ఉన్న ఊళ్లు దేశంలో ఎన్ని? ఒక క్యాన్సర్‌ను ఎంచుకోండి, నోటి క్యాన్సరో పిత్తాశయ క్యాన్సరో. హద్దు ముందుగానే ప్రకటించండి. రక్తం ఎప్పుడు తీయాలో, స్టెరాయిడ్, జ్వరం ఉంటే ఏం చేయాలో ముందే రాసుకోండి. ప్రతి రోగినీ ఊరిదాకా వెంబడించి, ఏమయ్యాడో తెలుసుకోండి. ఒక ఆసుపత్రిలో వచ్చిన ఫలితాన్ని ఇంకో ఆసుపత్రి విడిగా పరీక్షించాలి. స్టేజి, ఈకాగ్, బరువు తెలిశాక ఈ నిష్పత్తి ఏమైనా కలుపుతుందో లేదో అప్పుడు చెప్పండి. కలుపుతుందని తేలితే సంతోషంగా వాడదాం. ఏమీ కలపదని తేలితే ఆ ఫలితాన్నీ అచ్చువేయండి. అంతవరకు ఈ నిష్పత్తిని రోగి ముందు గానీ, ఇంటివాళ్ల ముందు గానీ ఆయుష్షు లెక్కగా చెప్పే హక్కు ఏ వైద్యుడికీ లేదు.